నా కీ ప్రకారం రెండు మార్కులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ముందే ఒక మాట చెబుతున్నాను. పరీక్ష పేపరుకు కీ రాసిమ్మని యూనివర్సిటీ నుంచి ఫోను వస్తే, బీరువా తెరిచి పాత నోట్సు జిరాక్సు తీయించకండి. నేను తీయించాను. దాని సంగతే ఈ రాత.

నేను శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన ఏడాది లైబ్రరీలో కూర్చుని, శ్రద్ధగా, మూడు రంగుల సిరాతో భావజాలాల మీద నోట్సు రాసుకున్నాను. అందులో సంప్రదాయవాదం ఒక పాఠం. ఉన్న వ్యవస్థను కాపాడాలనడం, మతానికీ ఆస్తికీ పెద్దపీట వేయడం, మార్పును అనుమానంగా చూడడం. ఆరు పాయింట్లు, చివర ఉదాహరణకి ఒక పార్టీ పేరు. దాని ఎదురు పేజీలో అభ్యుదయవాదం, దానికీ ఆరు పాయింట్లు, దానికీ ఒక పార్టీ. ఎంత ముచ్చటగా ఉండేదో ఆ నోట్సు. కుడి పేజీలో కుడివాళ్లు, ఎడమ పేజీలో ఎడమవాళ్లు.

తర్వాత ముప్ఫై ఏళ్లలో ఆ పార్టీలు చేసిన నిర్వాకం చెప్పాలంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫ్యాక్టరీలన్నీ ప్రభుత్వానివే కావాలని తీర్మానాలు చేసిన పార్టీయే వాటిని వేలానికి పెట్టింది. అమ్మడమే దేశానికి మంచిదని ఒకప్పుడు వాదించినవాళ్లు ఆ వేలాన్ని అడ్డుకుంటామని రోడ్డెక్కారు. ఢిల్లీ పెత్తనం మీద తిరగబడి పుట్టిన పార్టీ ఢిల్లీవాళ్ల పక్కన కుర్చీ కోసం గంటలు గంటలు ఎదురుచూసింది. పల్లెబడిలో తెలుగు ఉండాలని కోరడం నా కుర్రతనంలో ప్రగతిశీలం. నా తల నెరిసేసరికి అదే కోరిక ఛాందసం అయింది. నేనేమీ మారలేదు. చేరిన కొత్తలో ఏ మాటలకైతే మా ప్రిన్సిపాల్ నన్ను ‘ఎర్రోడు’ అనేవారో, అవే మాటలకి రిటైరయ్యే ముందు స్టాఫ్ రూములో కుర్ర లెక్చరర్లు ‘మాస్టారు పాతకాలం మనిషి’ అని నవ్వుకునేవారు.

మా కాలేజీ వెనక వీధిలో ఒక నాయకుడుండేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆయన ఇంటి ప్రహరీకి కొత్త రంగు. పెయింటరు ఇంకా నిచ్చెన దిగకముందే మా పిల్లలు క్లాసులో అడిగేసేవారు. “సార్, మొన్నటిదాకా ఆయన అభ్యుదయవాది కద, ఇప్పుడేటి సార్?”

“పరీక్షలో నోట్సులో ఉన్నది రాయండి,” అనేవాణ్ని. ముప్ఫై ఏళ్లు ఇదే జవాబు. ప్రతి వేసవిలోనూ నోట్సు తిరగరాయాలనుకునేవాణ్ని. ప్రతి ఎన్నికల తర్వాతా, ఇంకో ఎన్నిక అయ్యాక కుదురుగా రాద్దాంలే అని వాయిదా వేసేవాణ్ని. కుదురు అనేది రాలేదు. నోట్సు మాత్రం పసుపుపచ్చగా అయింది.

సరిగ్గా రిటైర్మెంటుకి ఏడాది ఉందనగా ఫోను వచ్చింది. ఆఖరి సెమిస్టరు పేపరుకి రెండు రోజుల్లో కీ కావాలట. కీ అంటే తెలుసు కదా, ఏ ప్రశ్నకి ఏమేం రాస్తే ఎన్ని మార్కులు వేయాలో దిద్దేవాళ్లకి చెప్పే కాగితం. అందులో పది మార్కుల ప్రశ్న ‘సంప్రదాయవాద భావజాలమును నిర్వచించి, ఉదాహరణతో వివరింపుము’. నేను నోట్సు జిరాక్సు తీయించి, పాయింటుకి మార్కున్నర, ఉదాహరణకి ఒక మార్కు అని పక్కన రాసి పంపేశాను. ఉదాహరణగా ఇచ్చిన పార్టీ అప్పటికి నాలుగేళ్ల కిందటే ఇంకో పార్టీలో కలిసిపోయిందన్న సంగతి నాకు తట్టనైనా లేదు.

స్పాట్ వాల్యుయేషన్ క్యాంపు మా కాలేజీలోనే పెట్టారు. చుట్టుపక్కల కాలేజీల నుంచి లెక్చరర్లు వచ్చి, హాల్లో బల్లల చుట్టూ కూర్చుని, కట్టలు కట్టలు దిద్దడమే. పేపర్ల మీద పేర్లుండవు, కోడ్ నంబర్లుంటాయి. మా బల్లకి చీఫ్ ఎగ్జామినరు విజయనగరం నుంచి వచ్చిన నా పాత స్నేహితుడు. వరసకి ఏమీ కాకపోయినా పాతికేళ్లుగా ఒకరినొకరం బావా అనే పిలుచుకున్నాం. నా పక్కన నరసన్నపేట కుర్రాడొకడు, ఆరేళ్ల సర్వీసు, ఒక పార్టీ అంటే ప్రాణమిచ్చేవాడు. ఆ పార్టీ ఓడిపోయిన మర్నాడు సెలవు పెట్టేంత ప్రాణం.

క్యాంపుల్లో మాకొక అలవాటుండేది. దిద్దిందే దిద్ది విసుగెత్తినప్పుడు, ఎవరికైనా తమాషా జవాబు తగిలితే పైకి చదివేవాళ్లం. అందరూ నవ్వేవాళ్లు, తర్వాత టీ వచ్చేది. అది తప్పని మాకెవరికీ ఎప్పుడూ అనిపించలేదు. రాసినవాడి పేరు తెలీదు కదా, ఎవరిని చూసి నవ్వుతున్నామో తెలిస్తే కదా.

రెండో రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత నాకొక పేపరు వచ్చింది. ఆ పది మార్కుల ప్రశ్నకి కీలోని మాటల్లో ఒక్క పాయింటూ లేదు. ఇలా ఉంది:

‘సంప్రదాయవాదం అంటే ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి అనడం. మా ఊరి దగ్గర జూట్ మిల్లు ఉండేది. అది ఉండాలి అని గేటు ముందు కూర్చున్నది ఎర్రజెండా సంఘం. మిల్లు పడగొట్టి ప్లాట్లు వేద్దాం, రోజులు మారాయి అన్నది కొబ్బరికాయ కొట్టి మీటింగు మొదలుపెట్టే పార్టీ. మా నాన్న ఇరవై ఏళ్లు ఎర్రజెండా పట్టుకున్నాడు. ఆయనకి పాత పని, పాత షిఫ్టు, పాత సైరను కావాలి. కాబట్టి మా నాన్న సంప్రదాయవాది. అన్నీ మార్చేద్దాం అన్న నాయకుడు విప్లవవాది. పార్టీ పేరు ఇంటి తలుపు మీద రాసిన పేరు లాంటిది. ఇల్లు కట్టినవాడి పేరు అక్కడే ఉంటుంది, లోపల ఎవరు అద్దెకుంటున్నారో అది చెప్పదు.’

ఇంకా రెండు పేజీలుంది. నిజం ఒప్పుకోవాలి. చదువుతున్నప్పుడు ఒక్క క్షణం నా పెన్ను ఆగింది. ఇది బాగుందే అనిపించింది. కానీ ఎదురుగా ఇంకా ఇరవై పేపర్లున్నాయి, సాయంత్రంలోగా కోటా పూర్తిచేయాలి. బాగుందే అనిపించింది కాబట్టే పైకి చదివాను. అందరూ పగలబడి నవ్వారు. నరసన్నపేట కుర్రాడు కళ్లు తుడుచుకుంటూ, “ప్లాట్లేసినోడు విప్లవవాదట మాస్టారూ. ఓ ప్లాటు బుక్ సేసుకున్నట్టున్నాడు,” అన్నాడు. రాసినవాడు మగపిల్లాడే అని మా అందరికీ ఎందుకో అనిపించింది.

మా బావ నవ్వు ఆపి అడిగాడు. “కీలో ఉన్నాదేటి?”

“లేదు.”

“మరింకేటి? రెండెయ్, రాసినందుకు.”

రెండు వేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. మార్జిన్‌లో ఎర్రసిరాతో ‘ఏ పుస్తకంలో ఉంది?’ అని రాసి, ప్రశ్నార్థకానికి నా అలవాటు ప్రకారం పొడుగాటి తోక గీశాను. టీ వచ్చింది.

రిజల్ట్సు వచ్చిన రెండు వారాలకి, స్టాఫ్ రూములో ఒక్కణ్నే ఉండగా ఒక అమ్మాయి వచ్చింది. మా కాలేజీ పిల్లే, రాజాం అవతల పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. మూడేళ్లూ రెండో బెంచీలో కూర్చుంది. క్లాసులో గట్టిగా మాట్లాడిన గుర్తు లేదు. మిగతా అన్ని పేపర్లూ పాసై నా సబ్జెక్టులో నాలుగు మార్కుల్లో పోయింది. జవాబు పేపరు జిరాక్సుకి దరఖాస్తు పెట్టి తెప్పించుకుంది. ఆ కాగితాలు బల్లమీద పెట్టి, చదవమన్నట్టు నా వైపు తిప్పింది.

చదవక్కర్లేదు. ఆ తోక నాకు దూరం నుంచే కనబడింది. జిరాక్సులో ఎర్రసిరా నల్లగా అయిపోతుంది కదా, నా రాతని గుర్తుపట్టకుండా ఉండడానికి అదే చాలనుకున్నాను. ఎంత పిచ్చి ఆశో చూడండి.

“ఎవులు దిద్దినారో తెల్దు సార్,” అంది. “మీరైతే దీనికి ఎన్నేస్తారు?”

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. “ఏడు వెయ్యొచ్చు. ఎనిమిదైనా వెయ్యొచ్చు.”

ఆ అమ్మాయి ఇంకేదో వింటానన్నట్టు కాసేపు నిలబడింది. నేను జిరాక్సు కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

“బీఎడ్ సీటొచ్చినాది సార్. నెలాఖరుకి డిగ్రీ సర్టిఫికెట్టు ఇవ్వాల. లేదంటే సీటు పోద్ది. ఏడాది ఆగమంటే మా నాన్నకి కుదరదు. మిల్లు పోయిన కాడి నుంచీ ఇంటికాడే ఉంటన్నాడు. రాజాంలో సీరల కొట్టుకి ఎల్లిపొమ్మంటన్నాడు.”

“రీవాల్యుయేషన్‌కి పెట్టు. తప్పకుండా వస్తాయి,” అన్నాను. ఎవరో మూడో మనిషి చేసిన తప్పు గురించి మాట్లాడుతున్నట్టు ఎంత పెద్దమనిషిలా చెప్పానో. అలా చెప్పినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆమె వెళ్లాక, జిరాక్సు మీద చూసిన కోడ్ నంబరు వేసి యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. ఈ పేపరు దిద్దింది నేనే, తక్కువ వేసింది నేనే, కీ కూడా నాదే, ఆ కీ పాతబడిపోయింది, ఈ జవాబు కీ కంటే మెరుగైంది, మార్కులు సవరించండి అని. పోస్టు చేసే ముందు మా బావకి ఫోను చేశాను.

“నీకేటైనా పిచ్చి పట్టినాదా? ఎగ్జామినరే నా మార్కులు తప్పని రాసిస్తే మెమో వొస్తాది. పెన్షను కాయితాలు కదలాల్సిన టైముల ఇదేటి పని?”

“ఆ పిల్ల రాసింది నిజం బావా.”

“నిజవే. నాకూ తెలుసు. మా జిల్లాలో మాత్రం ఇలగ లేదేటి? పొద్దున్న ఓ పార్టీలో ఉన్నోడు సాయంత్రానికి ఇంకోదాంట్లో ఉంతన్నాడు. అయితే మాత్రం, నువ్వూ నేనూ దిద్దేది కీని బట్టి గదా.”

ఉత్తరం పోస్టు చేశాను. ఇందులో గొప్పేమీ లేదు. ఆ పిల్ల ముందు నోరు విప్పలేనివాడికి కవరు అతికించడం తేలిక. మెమో రాలేదు. పది రోజుల్లో రెండు లైన్ల జవాబు వచ్చింది. మార్కుల విషయమై ఎగ్జామినర్ల వినతులు పరిశీలింపబడవు, పునర్మూల్యాంకనము ఆమోదిత కీ ప్రకారమే జరుగును.

ఆమోదిత కీ అంటే నాదే. ఎవరో నిజాయితీపరుడు నా కీ పక్కన పెట్టుకుని ఆ పేపరు మళ్లీ దిద్దాడు. నేను రెండు వేసినచోట మూడు వేశాడు. ఆయన్ని ఏమనగలను? నాకన్నా ఒక మార్కు ఉదారుడు. నెలాఖరు దాటిపోయింది, సీటూ పోయింది. ఆ అమ్మాయి చీరల కొట్టులో చేరింది.

ఇక మిగిలింది కీ మార్పించడం. సిలబస్సు, కీలు చూసే బోర్డు సమావేశం ఆ మధ్యలోనే వచ్చింది. ఏడుగురు సభ్యులం. సంప్రదాయవాదం పాఠం మార్చాలి, పార్టీ పేరు తీసేసి, ఏ కాలంలో ఎవరు దేన్ని నిలబెట్టమన్నారో చూసి విద్యార్థి సొంతంగా రాస్తే మార్కులివ్వాలి అని ప్రతిపాదించాను.

అంతే, గంటన్నర సంత. ఒకాయనకి తన పార్టీ అభ్యుదయవాదుల పేజీలో ఉంటేగానీ కుదరదు. ఇంకొకాయన, సంప్రదాయవాది అనడం తిట్టు కాదు, గౌరవం, అది మా పార్టీకే చెందాలి అన్నాడు. ఈయనే అంతకుముందు సమావేశంలో ఆ మాటని తన మీద ఎవరో వాడారని అలిగి టీ తాగకుండా వెళ్లిపోయాడు. మధ్యలో పార్టీ మారాడు లెండి. నరసన్నపేట కుర్రాడు కూడా కొత్తగా సభ్యుడయ్యాడు. “ఇప్పుడు ఓ పేరు రాసీసి, రేపు ఆళ్లు పొత్తు పెట్టేసుకుంటే మన మొకం ఎక్కడ పెట్టుకోవాల మాస్టారూ?” అన్నాడు. ఆ రోజంతటిలో తెలివైన మాట అదొక్కటే.

“అసలు కీలో ఉన్న పార్టీయే ఇప్పుడు లేదు కదండీ,” అన్నాను.

“లేకపోతే ఏమైంది? చరిత్రలో ఉంది కదా,” అన్నారు చైర్మన్‌గారు. “ఎవరికీ అభ్యంతరం లేనిది అదొక్కటే. లేని పార్టీ గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు.”

ఉన్నది ఉన్నట్టే ఉంచాలని తీర్మానం చేశారు. ఏ జెండా మోసినవాళ్లయినా, ఆ గదిలో ఏడుగురం అచ్చమైన సంప్రదాయవాదులం. నేను వ్యతిరేకంగా చెయ్యెత్తాను, కానీ మినిట్స్‌లో ‘ఏకగ్రీవంగా’ అని రాసుకుంటే చదివి సంతకం పెట్టాను. లెక్కలోకి నన్నూ వేసుకోండి.

సప్లిమెంటరీ పరీక్షకి నాలుగు రోజులుందనగా, కొట్టుకి వారపు సెలవు రోజున ఆ అమ్మాయి వచ్చింది. అదే స్టాఫ్ రూము, అదే కుర్చీ. నాకు రిటైర్మెంటు ఇంకా కొద్ది వారాలే ఉంది, బల్ల సొరుగులు అప్పటికే సగం ఖాళీ చేశాను. చేతిలో కొత్త నోటుపుస్తకంతో కూర్చుంది. కొట్టులో రోజంతా నిలబడడం వల్ల కాబోలు, కూర్చోగానే చెప్పులు విడిచి పాదాలు నేలకి ఆనించింది.

ఇక దాచడం నా వల్ల కాలేదు. “ఆ పేపరు దిద్దింది నేనేనమ్మా,” అన్నాను. “కీ కూడా నాదే. నీ జవాబు క్యాంపులో పైకి చదివి నవ్వించాను కూడా.” ఆఖరి మాట చెప్పాలనుకోలేదు, వచ్చేసింది.

ఆ అమ్మాయి తలెత్తలేదు. “తెలుసు సార్.”

“ఎవరు చెప్పారు?”

“ఎవులూ సెప్పలేదు. కాయితం అందిన రోజే తెలిసిపోనాది. మూడేళ్లు బోర్డు మీద సూసిన రాత కాదేటి.”

“మరి ఆ రోజే నన్ను అడగలేదేం?”

“అడిగినాను కద సార్,” అంది. “మీరైతే ఎన్నేస్తారని అడిగినాను.”

బయట ఆఖరి గంట కొట్టారు. పిల్లలు వరండాలో గోలగా వెళ్లిపోయారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

“ఇప్పుడు ఏటి రాయమంటారు సార్?” అంది చివరికి. “ఆ ప్రశ్నే మళ్లీ వొస్తాదంటన్నారు.”

నువ్వు రాసిందే మళ్లీ రాయి, ఇంకా వివరంగా రాయి అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. దిద్దేవాడి బల్లమీద ఏ కాగితం ఉంటుందో నాకు తెలుసు. ఏడుగురం సంతకాలు పెట్టి మరీ ఉంచిన కాగితం. నా ఆదర్శానికి ఆ పిల్ల ఇంకో ఏడాది చీరలు మడతపెట్టాలా?

“కీలో ఉన్నదే రాయి,” అన్నాను.

ఆమె పెన్ను తీసింది. నేను సొరుగులోంచి ఆ పసుపుపచ్చ నోట్సు తీసి చెప్పడం మొదలుపెట్టాను. ఉన్న వ్యవస్థను కాపాడుట. మతమునకు, ఆస్తికి ప్రాధాన్యము. మార్పును అనుమానించుట. ఆరు పాయింట్లూ తలొంచుకుని రాసుకుంది.

“ఉదాహరణ?”

పార్టీ పేరు చెప్పాను.

పెన్ను ఆగింది. “ఆ పార్టీ ఇప్పుడు లేదు సార్.”

“తెలుసు. అదే రాయి.”

రాసుకుంది. పుస్తకం మూసి, చెప్పులు తొడుక్కుని, బస్సుకి టైమైందని వెళ్లిపోయింది.

రిజల్ట్సు వచ్చేసరికి నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. ఫోను చేసింది.

“పాసైపోనాను సార్. డెబ్బై ఐదుకి అరవయ్యొకటి.”

మంచిదమ్మా, వచ్చే ఏడాది బీఎడ్‌కి తప్పక చేరు అన్నాను. చేరతానంది. చేరింది కూడా. ఆ ప్రశ్న వచ్చిందా అని అడిగాను. వచ్చిందంది. దానికి ఏం రాశావని అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

నేను అడగకపోయినా ఆమె చెప్పింది.

“మీరు సెప్పిందే రాసినాను సార్.”